చిన్నవాని రొట్టెలు
(యోహాను 6:9–11)

అయిదువేలమంది తృప్తిపొందిన సంగతి నాలుగు సువార్తలలోను ఉన్నది. రొట్టెలున్న చిన్నవానిని గూర్చి చెప్పినవాడు యోహాను ఒక్కడే. అవి యవల రొట్టెలు, బీదల తిండి. ఇంతమందికి ఇవి యేపాటివని అంద్రెయ అడిగెను. లెక్క ప్రకారము అతని మాట తప్పు కాదు. అయినను ఆ మాట పిల్లవాని చెవిని పడియుండినయెడల వాని ముఖము ఎట్లు చిన్నబోయియుండునో తలంచుడి. ప్రభువు ఆ రొట్టెలనే చేత పట్టుకొని, అందరియెదుట కృతజ్ఞతాస్తుతులు చెల్లించెను.

మన యిండ్లలో అంద్రెయ మాటలే ఎక్కువ. అమ్మాయి బావినుండి బిందెడు నీళ్లు మోసికొని వచ్చినను, ఒలికిన చుక్కలే మనకు కనబడును. అబ్బాయి సండేస్కూలులో పది వచనములు అప్పగించి ఒకటి మరచినయెడల, మరచినదానినే అడుగుదుము. మెచ్చుకొన్నచో పిల్లలు చెడిపోవుదురని కొందరు పెద్దల భయము. చేయని పనికి పొగడుట వేరు, చేసినదానిని చూచితినని చెప్పుట వేరు గదా! పిల్లల మనస్సు క్రుంగునట్లు వారిని విసిగింపవద్దని పౌలు కొలస్సయిలోని తండ్రులకు వ్రాసెను (3:21). క్రుంగిన పిల్లవాడు పాఠము వచ్చియు నోరు విప్పడు. తన రొట్టెలు మరల బయటికి తీయడు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో, మీ బిడ్డ నేడు చేసిన పని యొకటి పేర్కొని, ఆ బిడ్డ వినుచుండగా ప్రభువునకు స్తోత్రము చెప్పుడి.