పాడే హక్కు

ఒక విద్యలో ఏండ్ల తరబడి సాధన చేసిన కంఠం ఎవరి సొత్తు? నేర్పిన గురువులదా, సంప్రదాయానిదా, పాడే మనిషిదా? ఈ ప్రశ్న పైకి సంగీతశాస్త్రానికి సంబంధించినట్లు తోచును గాని, లోతున ఇది ధర్మానికి సంబంధించినది. 1960లో అమెరికాలో వెలువడిన ఒక గ్రామఫోను రికార్డు దీనిని సూటిగా మన ముందు నిలిపినది.

ఐలీన్ ఫారెల్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఆరితేరిన గాయని. 1959లో ఇటలీలోని స్పొలేటో ఉత్సవంలో వెర్దీ ‘రెక్వియం’ పాడుటకు ఆమె వెళ్లినది. అక్కడ జాజ్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జబ్బుపడగా, ఆయన బదులు ఆయన బృందంతో కలిసి ఆమె పాడినది. మరుసటి సంవత్సరం కొలంబియా సంస్థ ఆ ఫణితిలో ఆమె తొలి రికార్డును విడుదల చేసినది. దాని పేరుకు అర్థం, బ్లూస్ పాడే హక్కు నాకున్నదని. ఆ ఏడే డిసెంబరు 6న ఆమె న్యూయార్కు మెట్రొపాలిటన్ ఒపేరాలో గ్లూక్ రచించిన ‘ఆల్సెస్ట్’ నాయికగా తొలిసారి రంగమెక్కినది.

పండితుల అభ్యంతరం ఊహింపదగినదే. శిక్షణ ఒక నిక్షేపం. దానిని అంగడిలో వెచ్చింపరాదని వారందురు. కాని రికార్డు విన్నవారికి వేరొక సంగతి తెలియును. ఒపేరా గాయని మైకు లేకుండా, పెద్ద వాద్యబృందాన్ని మించి, వేలమందికి వినిపించునట్లు పాడవలెను. నిండుదనం, తారస్థాయి ఆ కంఠానికి ప్రాణం. బ్లూస్‌లోనో, గాంధార నిషాదాలను కొంచెం దించి, తాళానికి రవంత వెనుకబడి, మాటను మాట్లాడినంత సహజంగా పలుకవలెను. ఫారెల్ తన తారస్థాయిని విడిచి మంద్రంలోనికి దిగినది. నేర్చినదానిని ప్రదర్శించుట సులభం. అణచి ఉంచుట కష్టం. ఆ నిగ్రహాన్ని ఇచ్చినది కూడ శిక్షణయే.

ఆ 1960లోనే మన దేశంలో ‘మొఘల్-ఎ-ఆజం’ చిత్రానికి ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ పాడినారు. సోహ్ని, రాగేశ్రీ రాగాలలోని ఆ గానం ఖయాల్ విద్వాంసుని గానంగానే నిలిచినది. సినిమాయే ఆయన వద్దకు వచ్చినది. ఫారెల్ తానే పరసంగీతం వద్దకు నడచిపోయినది. మొదటిదానిలో ఠీవి ఉన్నది. రెండవదానిలో వినయం ఉన్నది.

అయితే వినయం ఒక్కటే హక్కును ఈయజాలదు. బ్లూస్, అమెరికాలోని నల్లజాతివారి బానిసత్వంలోను, తరువాతి దైన్యంలోను వేరూనిన సంగీతం. ఫారెల్ శ్వేతజాతి స్త్రీ. 1883లో తెరచిన మెట్రొపాలిటన్ ఒపేరాలో ముఖ్యపాత్ర పాడుటకు నల్లజాతి గాయకులకు 1955 జనవరి 7 వరకు అవకాశం రాలేదు. ఆనాడు తొలిసారి పాడిన మేరియన్ ఆండర్సన్‌కు అప్పటికే 57 ఏండ్లు. ఆమె కీర్తి ఖండాంతరాలకు వ్యాపించి రెండు దశాబ్దాలైనది. ఒపేరా నుండి బ్లూస్‌కు పోవు త్రోవ తెరచియుండగా, ఇటునుండి అటు పోవు త్రోవ డెబ్బది యేండ్లకు పైగా మూసియున్నది.

ఫారెల్ రికార్డుకు వాద్యసమ్మేళనం కూర్చి, బృందాన్ని నడిపిన లూథర్ హెండర్సన్ నల్లజాతివారు. జూలియార్డ్ సంగీత విద్యాలయంలో చదివినవారు. కనుక ఆ రికార్డులో శాస్త్రీయ శిక్షణ పొందినవారు గాయని ఒక్కతె కాదు. ఈ సంగతి తెలిసి విన్నప్పుడు, ఆ పేరులోని ‘హక్కు’ అను మాట చెవికి మరొక రీతిగా తోచును.

అంతమాత్రాన ఫారెల్ పాడకుండ ఉండవలసినదనుట న్యాయం కాదు. ఆమె మౌనం వహించినంత మాత్రాన ఆండర్సన్ కోల్పోయిన ఏండ్లు తిరిగి రావు. కాని ఒకరికి ఉండి మరియొకరికి లేనిదానిని హక్కు అనుట పొరపాటు, అది ప్రత్యేకాధికారం. నిజాయితీతో పాడుట గాయని చేతిలోని పని. ఆమె దానిని నెరవేర్చినది. ఆ పాటకు హక్కు అను పేరు తగునట్లు రెండవ తలుపును తెరచుట, వినువారితో సహా సమాజమంతటి చేతిలోని పని.