ఆదివారం మస్టరు

సింగరేణి బొగ్గుబాయి మీద ఆదివారానికి ప్లే డే అని పేరు. పేరుకు సెలవే. డ్యూటీ దొరికినవాళ్లకు మాత్రం మామూలు రోజుకంటే కూలి ఎక్కువ పడుతుంది. అందుకే ప్లే డే మస్టరు అంటే పోటీ. విడాకులైన ఆలుమగల కాగితాల్లోనేమో తండ్రి బిడ్డను చూసే రోజు కూడా ఆదివారమే అని రాసుంటుంది. నెలనెలా కట్టాల్సింది కట్టాలంటే ఆ రోజు బాయికి పోవాలి, బిడ్డను చూడాలంటే పోకూడదు. ఆ కాగితం రాసినవాళ్లెవరూ గోదావరిఖనిలో బతికినట్టు లేదు.

ఇలాంటి పంచాయితీల్లో నేనూ కూచున్నాను, యూనియన్ ఆఫీసులో, యైటింక్లయిన్ కాలనీ క్వార్టర్ల ముందు. మాటలు ఎప్పుడూ అవే.

"పోరన్ని చూపియ్యకపోతే నేనెందుకియ్యాలె పైసలు, పెద్దబాపూ?"

"పైసలియ్యనోనికి పోరడెందుకు, మామా?"

ఏ మాటకా మాట వింటే న్యాయంగానే ఉంటుంది. రెండూ కలిస్తే బేరం. తిండీ చదువూ బిడ్డవి, తండ్రిని చూడడమూ బిడ్డదే. తన రెండు సొత్తుల్లో ఒకదాన్ని తల్లి, ఒకదాన్ని తండ్రి తాకట్టు పెట్టుకుని కూచుంటే వాడెవరిని అడగాలి? చట్టం ఈ రెంటికీ లంకె పెట్టలేదు. పోషణ ఖర్చు ఇప్పించే పాత సీఆర్‌పీసీ 125 సెక్షన్ ఇప్పుడు, అంటే 2024 జూలై 1 నుంచి, భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144 అయింది. స్తోమత ఉండీ పోషించడం లేదా అనే అది చూస్తుంది, బిడ్డను చూపిస్తున్నారా లేదా అని కాదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుంది. కానీ అన్నిటికంటే పైన పెట్టింది బిడ్డ క్షేమాన్నే.

ఇక పే స్లిప్. ఒక పంచాయితీలో ఒకతను షర్టు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి టేబుల్ మీద పరిచాడు. ఒకపక్క బేసిక్, డీఏ, అలవెన్సులు. ఇంకోపక్క కటింగులు: సీఎంపీఎఫ్ (బొగ్గుగనుల పీఎఫ్), బ్యాంకు లోను, సొసైటీ, ఎల్ఐసీ. అడుగున చేతికొచ్చే మొత్తం మీద వేలు పెట్టి "ఇదీ నా బతుకు" అన్నాడు. అతని భార్య కుర్చీలోంచి లేచొచ్చి గ్రాస్ అంకె మీద వేలు పెట్టింది. ఆ రెండు వేళ్ల మధ్య జానెడు కూడా లేదు, మూడు నెలలుగా అక్కడే కొట్లాట. నన్నడిగితే పీఎఫ్ కోత తప్పదు, ఒప్పుకుంటాను. కారు కొనడానికి తీసుకున్న లోను మాత్రం తన ఇష్టంతో తీసుకున్నది. దాని కిస్తీ బిడ్డ కంచంలోంచి కట్టడం కుదరదు. 2020లో రజనేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఆస్తులూ అప్పులూ ఇద్దరూ అఫిడవిట్‌లో చెప్పాలన్నది ఇలాంటి దాగుడుమూతల వల్లే. ఇద్దరూ అన్నాను చూడండి. తల్లికీ కంపెనీలో ఉద్యోగం ఉంటే ఆమె వంతూ ఉంటుంది. పద్మజా శర్మ కేసులో 2000లోనే సుప్రీంకోర్టు జీతాల నిష్పత్తిలో ఖర్చు పంచింది.

పే స్లిప్‌లో కనబడనిది దసరా ముందు వచ్చే లాభాల వాటా. 2024లో 33 శాతం ఇచ్చారు, మనిషికి సగటున లక్షా 90 వేల దాకా వచ్చింది. ఆ వారం బజారంతా కిటకిటలాడుతుంది, బిడ్డకు మాత్రం నెలకు రాసిందే.

ఎవరూ పైకి అనని మాట ఇంకోటుంది. ఇక్కడ కొన్ని ఇళ్లలో కొడుకంటే తండ్రి తర్వాతి ఉద్యోగం. మనవణ్ని మాకిచ్చెయ్యమని కోర్టు మెట్లెక్కిన తాతే మనవరాలి దగ్గరికొచ్చేసరికి "ఆడపిల్ల, తల్లి దగ్గరుంటేనే మంచిది" అంటాడు. తండ్రి ఉద్యోగం వారసులకిచ్చే కారుణ్య నియామకాల్లో కూతుళ్లకూ చోటుందని ఆయనకు తెలియక కాదు.

పిల్లల్ని ఇద్దరూ కలిసి పెంచే పద్ధతిని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫారసు చేసింది. చట్టం కాలేదు. అయినా నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునే మనిషికి సగం నెల బిడ్డనిస్తే పెంచేది నానమ్మే. నానమ్మ పెంపకం మంచిదే, కాకపోతే అప్పుడు తగాదా మొగుడూ పెళ్లాలది కాదు, అత్తాకోడళ్లది.

రాజీ కాగితం రాయించే వకీళ్లకూ పెద్దమనుషులకూ నా విన్నపం ఇంతే. ఆదివారం అని గుడ్డిగా రాయకండి. తండ్రికి ఆ వారం ఏ షిఫ్టు పడిందో చూసుకుని రోజు మార్చుకునే వీలు రాయండి. దసరా వాటాలో బిడ్డకింత అని రాయండి. నెల సొమ్ము చేతికి కాదు, బ్యాంకు ఖాతాలో పడాలని రాయండి. కంపెనీ ఆసుపత్రి కార్డులో బిడ్డ పేరుందో లేదో సంతకాలకు ముందే చూడండి.