బదరీనారాయణుని కంబళి

శ్రీవైష్ణవులు స్మరించు నూట యెనిమిది దివ్యదేశములలో బదరికాశ్రమ మొకటి. భగవానుడు తానే నరుడై శిష్యత్వమును, నారాయణుడై ఆచార్యత్వమును వహించి తిరుమంత్రమును వెల్లడించిన స్థలమిదియే యని పెద్దలు చెప్పుదురు. అలకనందా తీరమున, సముద్రమట్టమునకు సుమారు 3,100 మీటర్ల ఎత్తున నున్న ఈ క్షేత్రమునకు దక్షిణదేశ భక్తులు ఎందరో వెళ్లుచుందురు. తప్తకుండమున స్నానమాడి, స్వామిని సేవించి మరలుదురు. ఆ స్వామి నాశ్రయించియున్న కొండపల్లెలను గమనించువారు మాత్రము కొందరే.

ఆలయమునకు సుమారు మూడు కిలోమీటర్లు పైన మాణా గ్రామము కలదు. అచటి భోటియా జనులు తరతరములుగా గొర్రెలను పెంచి, ఉన్ని వడికి, కంబళ్లు నేసినవారు. హేమంతము సమీపింపగా ఆలయద్వారములు మూయు దినమున, ఆ గ్రామకన్యలు నేసిన కంబళికి నేయి పట్టించి స్వామికి కప్పుదురు. ఉద్ధవ కుబేరుల మూర్తులు పాండుకేశ్వరమునకు దిగివచ్చును. గ్రామస్థులును ఇండ్లు మూసి దిగువ లోయలకు తరలుదురు. మరల ద్వారములు తెరచినపుడు ఆ కంబళియే భక్తులకు ప్రసాదమగును.

జగములను తనయందు ధరించిన వానికి చలి యెక్కడిది? చలి స్వామికి లేదు. ఆ పల్లెవారికి కలదు. చలి యెట్టిదో యెరిగినవారు గనుకనే, తమ ప్రాణములను కాపాడు వస్తువునే స్వామికి సమర్పించిరి. పట్టుపీతాంబరములకు లోటులేని ప్రభువు ఆరు మాసములు ఆ ముతక ఉన్నిలో నుండుటయే ఆయన సౌలభ్యము.

బదరికి పోవు త్రోవలో జోషీమఠ్ పట్టణము కలదు. తిరుమంగై ఆళ్వారు కీర్తించిన తిరుప్పిరిది యిదియే యని పలువురి విశ్వాసము. అచటి నృసింహస్వామి హస్తము నానాటికి సన్నగిలుచున్నదనియు, అది విడివడిన నాడు కొండలు కలిసి బదరీమార్గము మూసికొనుననియు స్థలపురాణము. ఆ పట్టణము పూర్వము విరిగిపడిన కొండచరియల మట్టిపై వెలసినది. బరువైన కట్టడములు తగవని 1976లోనే నిపుణుల సంఘము హెచ్చరించినది. అయినను కట్టడములు పెరిగినవి. 2023 జనవరిలో నేల క్రుంగి, వందలాది యిండ్ల గోడలు బీటలు వారినవి. పెక్కు కుటుంబములు గడ్డకట్టు చలిలో ఇల్లు విడువవలసి వచ్చినది. స్వామికి కంబళి కప్పు సీమలో, భక్తులకు నీడ కరవైనది.

అట్లని యాత్ర మానవలెనా? మాన నక్కరలేదు. కాని, కొండపై ఇంటి సౌఖ్యములన్నియు కావలెనని కోరు యాత్రికుడు, ఆ కొండపై మోపబడు బరువులో తన పాలు ఎంతయో యోచింపవలెను. అలకనందలో ప్లాస్టిక్ సంచి విడుచుటయు, కంబళి నేయు తల్లితో పది రూపాయలకై వాదించుటయు స్వామిసేవలో భాగములు కానేరవు. భగవంతుని సేవించి భాగవతుల నుపేక్షించుట మన పూర్వాచార్యులు మెచ్చని నడత.

కొద్దిపాటి వసతితో తృప్తిపడి, తాను తెచ్చిన చెత్తను తానే దించుకొని, ఆ పల్లెవారికి నమస్కరించి వచ్చినవాని యాత్రయే పూర్ణయాత్ర. అట్టివాని చేతికి అందిన కంబళిపోగు నిజముగా ప్రసాదము.