మూతపడని కన్ను

(ధ్యానభాగము: కీర్తన 77:1-4; యోహాను 17:1)



కన్నులు మూసికొని ప్రార్థించుదమని ప్రతి ఆదివారము మనము చెప్పుచున్నాము. కన్ను మూసికొనలేని వారు మన మధ్య నుండినయెడల వారేమి చేయవలెను? ఈ ప్రశ్న మాకు సంఘములోనే ఎదురైనది.

మా గ్రామమునుండి అనేకులు గచ్చిబౌలికి పనికి పోవుచున్నారు. అద్దాల మేడలలో కంప్యూటర్లయొద్ద కూర్చుండువారికి అన్నము వండుదురు, గదులు ఊడ్తురు. అట్లు పోయిన ఒక సహోదరి ముఖముమీద వంటశాలలో కాగిన నూనె పడెను. పుండు మానెను గాని, మానిన చర్మము ముడుచుకొని కుడికంటి పైరెప్పను మీదికి లాగెను. నిద్రలో సైతము ఆ కన్ను సగము తెరచియే యుండును. ఇంటికి తిరిగివచ్చి ఆమె ఆరాధనకు వచ్చిన దినమున, "అక్క ప్రార్థనలో కన్ను మూయలేదు" అని పిల్లలు గుసగుసలాడిరి. పెద్దలలో ఒకరు "భక్తి తగ్గినది" అనిరి. మేము విని ఊరకుంటిమి. మరుసటి ఆదివారము ఆమె రాలేదు. ఆమె సమ్మతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాము.

ఆమె కన్ను తెరచియున్నదని కనిపెట్టినవారి కన్నులు ఆ సమయమున ఎట్లుండెను? అవియు తెరచియే యుండెను గదా! ఆమె మూయలేకపోయెను; మనము మూయగలిగియు మూయలేదు.

కన్నులు మూసియే ప్రార్థింపవలెనను ఆజ్ఞ లేఖనములలో ఎక్కడను కానరాదు. లాజరు సమాధియొద్ద మన ప్రభువు కన్నులు పైకెత్తి తండ్రితో మాటలాడెను (యోహాను 11:41). సుంకరి ఆకాశమువైపు కన్నులెత్తుటకైనను ధైర్యము చాలక నిలిచెను (లూకా 18:13). ఇద్దరి మొరయు దేవుడు వినెను. అట్లయిన కన్నులు మూయుట వ్యర్థమా? కాదు. చెదరు మనస్సును నిలుపుకొనుటకు అది మంచి సాయము. అయితే సాయమును ధర్మశాస్త్రముగా మార్చి, దానితో పొరుగువాని భక్తిని కొలుచుట పరిసయ్యుల పని.

రెప్ప దేవుని గొప్ప ఈవి. నిమిషమునకు సుమారు 15 మారులు అది వాలి, కన్నీటిని కంటిపై పలుచగా పరచును. రెప్ప మూతపడనియెడల నల్లగ్రుడ్డు ఎండి, పుండుపడి, పువ్వు వేసి, చూపు పోవచ్చును. కుష్ఠువలన రెప్ప నరము చచ్చినవారికిని ఈ ఆపద కలదు. కావున ఇట్టివారి కంటిలో ఆకు పసరులు, చనుబాలు పోయకుడి. వైద్యుడిచ్చిన చుక్కలును, రాత్రివేళ మలామును వాడవలెను. అవసరమైనచో మచ్చను విడదీసి, వేరొక చోటి చర్మమును అతికి రెప్పను సరిచేయుదురు. హైదరాబాదులో మెహదీపట్నమున సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రియు, 1987లో స్థాపింపబడిన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థయు గలవు. ఆలస్యము చేయకుడి.

మేము ఆమె యింటికి పోయి క్షమాపణ వేడుకొంటిమి. ఆమె, "అయ్యగారూ, మనుష్యుల చూపులకు పగలు ఓర్చుకొందును. రాత్రియే కష్టము. ఇల్లంతయు నిద్రపోవును, నా కన్ను మాత్రము మేలుకొనియుండును" అనెను. మేము ఆసాపు కీర్తన తెరచితిమి. దేవుడే తన రెప్పలను వాలనియ్యలేదని అతడును మొరపెట్టెను. ఆ మొరను దేవుడు పాపముగా ఎంచక, తన గ్రంథములో ఉంచెను. మరియు కునుకని దేవుడు ఆ రాత్రులలో ఆమెతోకూడ మేలుకొనియున్నాడు (కీర్తన 121:4).

గాయపడినవానిని యాజకుడును లేవీయుడును చూచియే ప్రక్కగా పోయిరి (లూకా 10:31-32). వారి రెప్పలకు ఏ మచ్చయు లేదు. ఆరోగ్యముగల రెప్పను మనము దేనికి వాడుచున్నాము? పొరుగువాని బాధ కనబడినప్పుడు మూయుదుము. అతని వికారము కనబడినప్పుడు తెరతుము. తారుమారు చేసికొంటిమి.

ఆ సహోదరి ఇంకను ఆలయమునకు రాలేదు. వచ్చు ఆదివారము ఆమె వచ్చినయెడల ఆమెను తేరిచూడకుడి, ముఖము త్రిప్పుకొనకుడి. "వచ్చితివా అమ్మా" అని చోటియ్యుడి. తరువాత మన కన్నులు మూసికొందము. ఆమె తెరచిన కంటితోనే ప్రార్థించును. ఉభయుల మొరను ప్రభువు ఆలకించునుగాక. ఆమేన్.