నివాసస్థల నిర్ణయము - పంచవటీ పాఠము

ఆశ్రమములు నాలుగింటిలో గృహస్థాశ్రమము తక్కిన మూడింటికిని ఆధారమని ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. అట్టి గృహస్థునకు గృహము ఆధారము. ఐనను ఆ గృహము ఎచ్చట నుండవలెననెడి ప్రశ్న మన పెద్దలలో పెక్కుమందికి కలుగలేదు. తాత కట్టిన ఇంటనే తండ్రియు, తండ్రి యున్న ఇంటనే కుమారుడును కాలము గడిపెడివారు. నేడట్లు కాదు. ఉద్యోగము మనుష్యుని ఊరినుండి ఊరికి తరలించుచున్నది. ఇరువది యేండ్లు తీర్పవలసిన ఋణము తలకెత్తుకొని, ఎన్నడును నడువని వీధిలో, ఎఱుగని ఇరుగుపొరుగు నడుమ ఒక ఫ్లాటు కొనవలసి వచ్చుచున్నది. ఇది ధనమునకు మాత్రమే సంబంధించిన విషయమా, లేక ధర్మమునకును సంబంధించినదా? ఆస్తికులైన పాఠకమహాశయులతో కలసి దీనిని కొంత విచారింపదలచితిని.

ఈ ప్రశ్న నాకు గ్రంథమున కాక మా ఇంటనే ఎదురైనది. మా కుమారునకు విశాఖపట్టణమునుండి హైదరాబాదునకు ఉద్యోగము మాఱినది. అతని కార్యాలయము రాయదుర్గమువైపున నున్నది. కోడలికి సికిందరాబాదులోని ఒక కళాశాలలో అధ్యాపకపదవి లభించినది. గోదావరీతీరమున మా గ్రామములో నున్న నన్నును, మా గృహిణిని కూడ తమవద్దకు రమ్మని వారు కోరిరి. మేము నలుగురమును, మనుమరాలును ఉండుటకు తగిన ఫ్లాటు ఎచ్చట కొనవలెనని ఆలోచన సాగగా మూడు చోట్లు ముందునకు వచ్చినవి.

మొదటిది కోకాపేట. కుమారుని కార్యాలయమునకు సమీపమే. కాని 2023 ఆగస్టులో ప్రభుత్వము జరిపిన వేలములో ఎకరము ధర నూరు కోట్ల రూపాయలు దాటిన ప్రాంతమది. అచట ఒక గదికగు వెలతో మా ఊర ఒక ఇల్లే వచ్చును. రెండవది నగరపు శివారున ఒక చెరువును ఆనుకొని లేచిన భవనము. ధర తక్కువ. కిటికీ తెఱచినంతనే నీరు కనబడునని అమ్మువారు మురిపించిరి. మూడవది నేను సూచించినది, శంషాబాదు దాటిన పిమ్మట నున్న ముచ్చింతల పరిసరము. 2022 ఫిబ్రవరిలో 216 అడుగుల శ్రీరామానుజుల విగ్రహము ఆవిష్కృతమైన చోటది. విగ్రహము చుట్టును 108 దివ్యదేశముల నమూనా ఆలయములు కలవు. శేషజీవితమునకు ఇంతకంటె తగిన చోటేదియని నా మనసు అచటనే నిలిచినది.

నా పక్షమును గట్టిగానే వాదించితిని. భగవద్రామానుజులు పరమపదించు సమయమున శిష్యులకు చేసిన ఉపదేశములలో, తిరునారాయణపురమున ఒక కుటీరము కట్టుకొని వసింపుడన్నది యొకటి యని మన సంప్రదాయము. దానిని ప్రమాణముగా చూపి, కుటీరమైనను క్షేత్రముననే యుండవలెనని పలికితిని. కుమారుడు "మీ ఇష్టం నాన్నగారూ" అనెను. కోడలు ఏమియు ననలేదు. ఆ మౌనమును నేను అంగీకారముగా గ్రహించి సంతోషించితిని.

ఆ రాత్రి మా గృహిణి నన్నొక ప్రశ్న వేసినది. "మీరు చెప్పిన చోటు నుంచి సికిందరాబాదు ఎంత దూరమో కనుక్కున్నారా? ఆ పిల్ల ఎన్నింటికి లేచి, మడి కట్టుకుని తళిగ చేసి, బిడ్డను బడికి పంపి, ఎన్నింటికి బయలుదేరాలి? మళ్లీ ఎన్నింటికి ఇల్లు చేరాలి?" ముప్పదియైదు సంవత్సరములు విద్యార్థులకు రామాయణము పాఠము చెప్పిన నాకు దీనికి సమాధానము దొరకలేదు. కుమారునకు ముప్పది కిలోమీటర్లకు పైబడిన దారి యగును. కోడలికి అంతకంటెను దూరము. నా క్షేత్రవాసమునకు అయ్యెడి వ్యయము ఆమె నిద్రలోనుండి చెల్లింపవలసి యున్నదని అప్పుడు తోచినది.

మఱునాడు అరణ్యకాండము తెఱచి పంచవటీఘట్టమును మరల చదివితిని. అగస్త్యమహర్షి యాదేశముచే శ్రీరాముడు పంచవటికి చేరెను. పర్ణశాలకు తగిన చోటు చూడుమని లక్ష్మణునితో పలుకుచు ఆ చోటు ఎట్లుండవలెనో చెప్పెను. నీరు దగ్గఱగా నుండవలెను, సమిధలును పుష్పములును దర్భలును లభింపవలెను, నేలయు వనమును రమ్యముగా నుండవలెను. ఈ లక్షణములలో ముందుగా చెప్పినది వేఱొకటి కలదు. అది సీత సంతోషించెడి చోటు కావలెను, పిమ్మట నీవు, ఆపైని నేను. చక్రవర్తికుమారుడు, జ్యేష్ఠుడు, నిర్ణయాధికారము కలవాడు తనను కడపట చెప్పుకొనెను. అడవికి రమ్మని ఎవరును శాసింపకున్నను తనతో వచ్చిన సీతను మొదట నిలిపెను. ఈ వరుసను నేనెన్నియో మారులు అన్వయించి చెప్పితిని గాని, నా ఇంటికి అన్వయించుకొనలేదు.

అందులకు లక్ష్మణుడు చేతులు మోడ్చి, నీవు నూఱేండ్లున్నను నేను నీకు పరతంత్రుడనే, నీకు నచ్చిన చోట కట్టుమని నీవే యాజ్ఞాపింపుమనెను. మన ఆచార్యులు ఈ వాక్యమును శేషత్వమునకు పరమనిదర్శనముగా మన్నింతురు. నేనును పాఠమున ఎల్లప్పుడు ఈ భాగముననే ఆగెడివాడను. పెద్దలమైన మనలో అనేకులము అచటనే ఆగుదుము. పిల్లలు లక్ష్మణునివలె 'మీ ఇష్టము' అనవలెనని కోరుదుము. కాని ఆ మాట వినిన పిమ్మట రాముడేమి చేసెనో చూడము. అధికారము తనకు వచ్చినది గదా యని తన కోరికను తీర్చుకొనలేదు. తాను ముందు చెప్పిన లక్షణములే కల సమతలమైన చోటును వెదకి, లక్ష్మణుని చేయిపట్టుకొని చూపెను. ఒకడు తన ఇష్టమును మనకు విడిచిపెట్టినప్పుడు, అతని సుఖమును చూచుకొను భారము కూడ మనమీదనే పడును. పారతంత్ర్యము లక్ష్మణునకు భూషణము. దానిని ఇతరులనుండి పిండుకొనుట మనకు భూషణము కాదు. మా కోడలి మౌనము నాపై ఉంచిన భారమును నేను వరముగా భ్రమించితిని.

అట్లైనచో క్షేత్రవాసమునకు విలువ లేదా యని భాగవతులు ప్రశ్నింపవచ్చును. విలువ కలదు. దేహపటుత్వ మున్నవాడు తన కాళ్లతో నడిచి, తాను వండుకొని, కుటీరమున నుండి సేవించినచో అది ధన్యమైన జీవితము. రామానుజులు కుటీరమనుటలో స్వారస్యము కూడ అదియే యని నాకు తోచుచున్నది. కుటీరవాసి ఎవరికిని భారము కాడు. అందుకును శక్తిలేనివాడు ఒక భాగవతుని అభిమానమున ఒదిగి యుండవలెనని వారి చివరి యుపదేశము. పెరుమాళ్లకు తళిగ చేసి, మాకు తీర్థప్రసాదములు పెట్టు కోడలు నా పాలిట అట్టి భాగవతురాలు కాదా? నేనుండవలసిన చోటు ఏదియో ఆ యుపదేశమే చెప్పుచున్నది.

ఇక చెరువుప్రక్క నున్న ఫ్లాటు మాట. పంచవటికి గోదావరి మిక్కిలి దూరమును కాక, మిక్కిలి చేరువయు కాక యున్నదని వాల్మీకి వర్ణన. నీటికి దాని చోటు విడిచి నరుడు తన చోటు చూచుకొనవలెను. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదులో వేలమంది ప్రాణములను హరించినది. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహామేరకు వరదను ఆపుటకు ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము నిర్మితములైనవి. ఐనను చెరువు శిఖము భూములలో ఇండ్లు లేచుట ఆగలేదు. 2020 అక్టోబరు వానలకు చెరువుల దిగువనున్న కాలనీలు నీట మునిగినవి. 2024లో హైడ్రా యను సంస్థ ఏర్పడి చెరువుల నిండు నీటిమట్టము లోపలనున్న కట్టడములు పెక్కింటిని కూల్చినది. చెరువును పూడ్చి కట్టిన ఇంట తక్కువ వెలకు చేరినచో, మిగిలిన వెలను దిగువనున్న పేదవాడు తన గుడిసెతో చెల్లించును. కావున నివాసనిర్ణయమున మన కుటుంబము మాత్రమే కాక, మన ఇంటి వలన ఎవరి వాకిటికి నీరు మళ్లునో అదియు చూడవలెను. ఆ చోటును మా కుమారుడే వలదనెను.

కొనుటలో సత్యమును పరీక్షించుటయు ధర్మమే. 2016లో వచ్చిన రెరా చట్టమును మా కుమారుడు నాకు చదివి వినిపించెను. గోడల నడుమ మనము వాడుకొనెడి నేలను, అనగా కార్పెట్ ఏరియాను, కట్టువాడు స్పష్టముగా చెప్పవలెను. రాతపూర్వకమైన ఒప్పందము రిజిస్టరు కాకుండ వెలలో పదవవంతుకు మించి తీసుకొనరాదు. కొనువారు చెల్లించిన ధనములో నూటికి డెబ్బదివంతు ఆ కట్టడమునకే ప్రత్యేకమైన ఖాతాలో నుంచవలెను. అప్పగించిన అయిదేండ్లలోపల నిర్మాణలోపము బయటపడినచో తానే సరిచేయవలెను. తూకమును, కొలతను సత్యముగా నుంచుమన్న పూర్వధర్మమే ఇది. మఱియొక విశేషము నా మనసును తాకినది. ఫ్లాటు కొన్నవానికి క్రింది భూమిలో విడదీయరాని వాటా యుండును. ఈ మూల నాది, ఆ మూల నీదియని గీత గీయుటకు వీలులేదు. అందఱిదియు ఒకే నేల యని పత్రములే ఒప్పించుచున్నవి. మమకారమును తగ్గించుకొనుమని శాస్త్రము చెప్పినంతకాలము చెవికెక్కని మాట రిజిస్ట్రారు ముద్రతో ఇంటికి వచ్చినది.

చివరకు మేము తార్నాక ప్రాంతమున పాతదైన ఒక చిన్న ఫ్లాటు కొంటిమి. నాగోలునుండి రాయదుర్గమునకు పోవు మెట్రోమార్గము దాని సమీపముగా పోవుచున్నది. కోడలికి సికిందరాబాదు కొలది నిమిషముల ప్రయాణము. మా కుమారునకు మాత్రము ముక్కాలుగంట పట్టును. దూరపు దారిని అతడే కోరి తీసుకొనెను. శ్రీరాముని వరుస అతనికి నేను చెప్పకయే తెలిసినది. ఈత కొలను లేదు, ఉద్యానము లేదు. మంటపమంత వరండాలో ఒక కుండీలో తులసి యున్నది. నేను కోరిన గంటల ధ్వని ఇచటికి వినరాదు. ఆ లోటు తీఱినదని చెప్పిన అసత్యమగును. ఐనను సాలగ్రామమున్న చోటు తీర్థమని పెద్దల మాట. మా తాతగారు ఆరాధించిన సాలగ్రామమూర్తి ఈ మూడవ అంతస్తునకు వేంచేసియున్నాడు.

గృహప్రవేశమునాటి సాయంకాలము మా కోడలు "మామగారూ, మీకు గుడి దూరమైపోయింది కదా" అని నొచ్చుకొనెను. "లేదమ్మా, నాకు పాఠం దగ్గరైంది" అంటిని. పర్ణశాలను చూచి శ్రీరాముడు లక్ష్మణుని కౌగిలించుకొని, నీవు మనసెఱిగినవాడవని మొదట మెచ్చుకొనెను. ఇల్లు కొనువారు వెలను, దూరమును, వాస్తువును చూతురు గాక. వానికంటె ముందుగా ఆ ఇంట ఎక్కువగా శ్రమపడువారు ఎవరో వారి మనసు నెఱుగుదురు గాక. అట్టి గృహములందు శ్రియఃపతి సుఖాసీనుడై యుండునట్లు ప్రార్థించుచున్నాను.