పెంపుడు కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే పాపమా?

ఈసారి చాలా ఇళ్లల్లో జరిగే ఒక వాదన గురించి మాట్లాడుకుందాం.

జమ్మలమడుగులో మా ఇంట్లో రెండేళ్ల ఆడకుక్క ఉంది. ఆపరేషన్ చేయిద్దామని నేనంటే మా అవ్వ ఒప్పుకోలేదు. "తల్లి అయ్యే భాగ్యం తీసేయడానికి మనమెవరం నాయనా?" అనింది. ఇది తీసిపారేసే ప్రశ్న కాదండి. కుక్క నోరు తెరిచి సరే అనలేదు. పైగా ఇందులో మన సౌకర్యం కూడా ఉంది, దాన్ని దాచుకోకూడదు.

మన సీమలో సేద్యం ఎద్దులకు విత్తులు కొట్టించడం తరతరాలుగా ఉన్నదే. అయితే అది మన పని కోసం చేసుకున్నది. పాత అలవాటు అయినంత మాత్రాన ధర్మం అయిపోదు. కాబట్టి వేరే కారణం చూడాలి.

మహాభారతం ఆదిపర్వం మొదట్లోనే సరమ అనే దేవతల కుక్క కథ వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తుంటే దాని పిల్ల అక్కడికి పోయింది. ఏ తప్పూ చేయకపోయినా రాజు తమ్ముళ్లు కొట్టారు. సరమ వచ్చి "నా బిడ్డను ఎందుకు కొట్టారు?" అని నిలదీసింది. జవాబు లేదు. ఊహించని భయం వస్తుందని శపించి వెళ్లిపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. కుక్క సుమారు 63 రోజులు మోస్తుంది. ఒక్కో కాన్పుకు నాలుగైదు పిల్లలు మామూలే. మగపిల్లలను ఎవరో ఒకరు అడుగుతారు. ఆడపిల్లలు గోనెసంచిలో పెన్న ఒడ్డుకో, సంత దగ్గరికో చేరతాయి. అప్పుడు ఆ తల్లి నిలదీస్తే మన దగ్గర ఏం జవాబుంది? తల్లిని చేసి బిడ్డలను పారేయడం కంటే, ఆ బాధే పుట్టకుండా చూడటం చిన్న హింస అని నాకు అనిపిస్తుంది. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు మీద పడేకొద్దీ గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం కూడా ఉంది.

వీధికుక్కల విషయంలోనూ 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పేది ఇదే: ఆపరేషన్, రేబిస్ టీకా, తిరిగి అదే చోట వదలడం. చంపమని కాదు. మనకు దగ్గర్లో ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది. డాక్టరును అడిగి, మత్తు ఇచ్చి, సరైన పద్ధతిలోనే చేయించాలి.

పిల్లలన్నిటినీ జీవితాంతం సాకగలిగినవాళ్లు చేయించకపోయినా తప్పు లేదు. కానీ చేయించినవాళ్లకు బాధ్యత అక్కడితో తీరదు. కుట్లు మానేదాకా పక్కనుండాలి, ముసలిదయ్యాక రోడ్డుమీద వదలకూడదు. నమ్మి వెంట వచ్చిన కుక్కను వదలనని, స్వర్గాన్నే వద్దన్నాడు ధర్మరాజు. ఒక జీవి నుంచి ఇంత తీసుకున్నాక, మన ఇంట్లో దానికి చోటు బతికినన్నాళ్లూ ఉండాలి కదా. మీరూ ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడండి. శుభం.