భూదేవి సాక్ష్యము

శ్రియఃపతియైన నారాయణునకు శ్రీదేవియు భూదేవియు నిరువురు దేవేరులు. ప్రాతఃకాలమున శయ్య దిగునపుడు, పాదము మోపుటకు ముందు, భూమాతను క్షమాపణము వేడుకొను ఆచారము వైష్ణవ గృహములలో నేటికిని గలదు. ఆ తల్లికి తాపము సోకినదని లోకమున మాట పుట్టి చాల కాలమైనది. అది నిజమా, వట్టి భయమా, నిజమైనచో కారణమెవ్వరు అను విచారము భక్తులకు అప్రస్తుతమని కొందఱి తలంపు. దేవేరి అస్వస్థత స్వామి సన్నిధిలో అప్రస్తుతమెట్లగును?

భాగ్యనగరము నుండి యాదగిరి నృసింహుని సేవింపబోవు యాత్రికులలో అనేకులు ఉప్పల్ మీదుగా పోవుదురు. తార్నాక నుండి ఉప్పల్ పోవు ఆ బాటలోనే, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ యున్నది. దానికి ఉత్తరముగా నాచారము పారిశ్రామికవాడ. (గజ్వేలు ప్రాంతమున నృసింహ క్షేత్రమైన నాచారము వేఱు, పేరు మాత్రమొక్కటి.) బస్సు కిటికీ నుండి ఆ సంస్థ ప్రాకారమును చూచినవారు వేలకొలది, అచ్చటి శాస్త్రజ్ఞులు భూదేవి తాపమును కొలిచిరని యెఱిగినవారు కొలది.

కొలిచిన విధము వినదగినది. పగటియెండ నేలలో మూరెడు లోతునకు పోవునప్పటికే నీరసించును. వేసవి, శీతకాలముల భేదము పదునైదు ఇరువది మీటర్ల లోతున అణగిపోవును. కాని నేల ఏండ్ల తరబడి వేడెక్కుచుండినచో ఆ వేడిమి శిలలోనికి మెల్లమెల్లగా దిగును. నూరేండ్ల మార్పు సుమారు నూరు, నూటయేబది మీటర్ల లోతువఱకు గుర్తుగా నిలుచును. లోతు పెరిగినకొలది భూగర్భపు వేడిమి క్రమముగా హెచ్చుట సహజము. పై భాగమున ఆ క్రమము తప్పి, ఉండదగినదానికంటె ఎక్కువ వేడి కనబడెనా, అది పైనుండి దిగిన వేడియే. ఈ విధముగా భారతదేశమందలి 70 బోరుబావులలో ఉష్ణోగ్రతలను పరిశీలించి, ఆ సంస్థ శాస్త్రజ్ఞులు విదేశీయులతో కలిసి 2002లో ఫలితమును ప్రకటించిరి. సుమారు 150 సంవత్సరములలో ఈ దేశపు నేల 0.9 డిగ్రీల సెల్సియస్ వేడెక్కినదని తేలినది. వాతావరణ కేంద్రములు లేని కాలమునకు గూడ శిలయే సాక్షి. ఆ సాక్షికి పక్షపాతము లేదు.

భగవద్రామానుజ సిద్ధాంతమున ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని ప్రమాణములు మూడు. ఇంద్రియగోచరమైన దానిని ప్రత్యక్షముచేతను, దానివలన తెలియు దానిని అనుమానముచేతను నిర్ణయించుటయే మర్యాద. శాస్త్రవాక్యమును అడ్డుపెట్టి ఉష్ణమాపకమును కాదనుట ఏ ఆచార్యుడును ఒప్పని పని. అయినను పూర్వపక్షములను వినక సిద్ధాంతము చెప్పరాదు.

నగరమున సిమెంటు పెరిగినది, చెఱువులు కుంచించినవి, అందుచేతనే వేడిమి యనువారు గలరు. ఇది సగము సత్యము. నాచారమున రేకుల కప్పు క్రింద పని చేయు కూలివానికి ఆ సగము సత్యము చాల పెద్దది. అతడు పుట్టించిన వేడి స్వల్పము, అనుభవించునది అధికము. చెట్టు నాటినను చెఱువు కాపాడినను ఆ తాపము కొంత ఉపశమించును, సందేహము లేదు. కాని మహాసముద్రములు గూడ వేడెక్కుచున్నవి; అచ్చట సిమెంటు కట్టడములు లేవుగదా.

సూర్యుడే తీవ్రుడైనాడని మఱియొక పక్షము. 1978 నుండి ఉపగ్రహములు సూర్యతేజమును కొలుచుచున్నవి; అది పెరుగుచున్న జాడ లేదు. పైగా సూర్యుడే హేతువైనచో వాయుమండలపు పై పొర, క్రింది పొర రెండును వేడెక్కవలెను. క్రిందిది వేడెక్కుచుండగా పైది చల్లబడుచున్నది. దుప్పటి మందమైనపుడు లోపల ఉక్క, వెలుపల చలువ కలుగుట వంటిది యిది.

ఆ దుప్పటి బొగ్గుపులుసు వాయువు. ఈ వాయువు వేడిమిని పట్టి యుంచునని 1859లో టిండాల్ ప్రయోగము చేసి చూపెను. 1896లో అర్హీనియస్ దానివలని ఉష్ణవృద్ధిని లెక్కించెను. యంత్రయుగమునకు ముందు గాలిలో పదిలక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుండిన దీనిమాత్ర నేడు 420 దాటినది. అది ఎచ్చటిదనుటకు గూడ గుర్తు గలదు. జీవించియున్న చెట్టుచేమలలో నుండు కార్బన్-14 అను అణువు, కోట్ల ఏండ్లు భూమిలో పడియున్న బొగ్గు, చమురులలో పూర్తిగా నశించియుండును. గాలిలో దాని పాలు తగ్గుట, చేరుచున్నది పాత పాతరలలోని సొత్తేయని చెప్పుచున్నది. ధూమమును చూచి వహ్నిని ఊహించు పాఠశాల విద్యార్థికి గూడ ఈ అనుమానము సులభము. పూర్వము మంచుయుగములు వచ్చి పోలేదా యనిన, వచ్చినవి. అవి వచ్చి పోవుటకు వేలకొలది ఏండ్లు పట్టినవి, నూటయేబది కాదు.

ఇక ఆస్తికులు చెప్పుమాట కలిమహిమ యని, ఈశ్వరసంకల్పమని. ఇది భక్తివలె కనబడు తప్పుకొనుట. జీవునకు కర్తృత్వము గలదు, ఈశ్వరుడు అనుమతించువాడు. అనుమతించినవానిమీద నేరము మోపి, చేసినవాడు తప్పించుకొనుట విశిష్టాద్వైతమున కుదరదు. వరాహమూర్తి మరల ఉద్ధరించునని కొందఱి ధైర్యము. హిరణ్యాక్షుడెవ్వరో తెలిసికొనకుండ వరాహస్వామిని పిలుచుట సాహసమే. సింగరేణి బొగ్గు రామగుండమున మండి విద్యుత్తగుచున్నది. ఆ వెలుగు గోపురమునకు వచ్చుచున్నది, నాచారము యంత్రములకు వచ్చుచున్నది, గృహస్థుని శీతలయంత్రమునకును వచ్చుచున్నది. ఇందు పాలు అందఱికి సమము కాదు. సంపన్న దేశముల పాలు పెద్దది, సంపన్న గృహముల పాలు పెద్దది. ఆ యంత్రమును రాత్రియెల్ల నడపు యజమాని, ప్రాతఃకాలమున నేలకు క్షమాపణము చెప్పి అడుగు మోపుచున్నాడు. ఆ క్షమాపణమున పాదస్పర్శ యొక్కటియే చేరునా?

2024వ సంవత్సరము, యంత్రయుగమునకు ముందటి స్థితికంటె లోకము 1.5 డిగ్రీలకు మించి వేడెక్కిన మొదటి సంవత్సరమైనది. ఆ యేటి వేడిమియు శిలలోనికి దిగుట మొదలైనది. ఏటికి కొలదిగా దిగుచు, నేటి శిశువులు వృద్ధులగు నాటికి అది నూరు మీటర్ల చాయలకు చేరును. అప్పుడెవ్వరైనను ఉప్పల్ బాటలో బావి త్రవ్వి కొలిచినచో, ఈ తరము నడచిన తీరు అచ్చట చదువవచ్చును.